మా గూడెంలో మూడో పాస్‌పోర్టు, వయసు మూడున్నర నెలలు



పోయిన నెల మేము స్టేటస్‌లో పెట్టిన ఫోటో చూసి ఈ గ్రూపులో చాలామంది అడిగారు, "ఆ చంటిపిల్ల పక్కన ఉన్న పాస్‌పోర్టు నిజంగా ఆ పిల్లదేనా?" అని. నిజంగా ఆ పిల్లదే. మా గూడెంలో మొదటి పాస్‌పోర్టు బావది, రెండోది అక్కది, మూడోది పాపది. ఇంకో పాస్‌పోర్టు మా గూడెంలో లేదు. ఎలా వచ్చిందో రాయమన్నారు కాబట్టి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు. ఓపికగా చదవండి, మీ ఇంట్లోనో పక్కింట్లోనో పురుడు ఉంటే తప్పకుండా చదవండి.

మేమంటే ఖమ్మంలో గిరిజన బాలికల హాస్టల్లో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. ముగ్గురిదీ భద్రాచలం అవతల ఒకే గూడెం, కోయవాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అక్క మాలో ఒకరికి సొంత అక్క, మిగతా ఇద్దరికీ వరసకి అక్క. పది పాసైంది, ఇంటర్ మధ్యలో ఆపేసింది. బావ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, హైదరాబాదులో రెండేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఒమన్‌లో మస్కట్ దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌గా ఉన్నాడు. అక్కకి ఐదో నెల ఉన్నప్పుడు విమానం ఎక్కాడు. నవంబర్ మొదటివారంలో పాప పుట్టింది. కంపెనీ ఫ్యామిలీ వీసాకి ఒప్పుకుంది కానీ తల్లీబిడ్డలిద్దరికీ పాస్‌పోర్టులు ఉండాలి కదా. అప్పటిదాకా బావ పాపని ఫోన్లోనే చూశాడు. మా గూడెంలో సిగ్నల్ ఇళ్ళ దగ్గర ఉండదు, ఇప్పచెట్టు దాకా వెళ్ళాలి. బాలింత రోజూ పిల్లనెత్తుకుని చలిలో చెట్టు కిందికి వెళ్ళి ఫోన్ పట్టుకుని నిలబడడం చూసి మేమే అన్నాం, "అక్కా, ఈ కాగితాల పని మేం చూసుకుంటాం" అని.

మేం మొదట అనుకున్నది, చంటిపిల్ల పాస్‌పోర్టు అంటే ఏదో పెద్ద తతంగం అని. చదివి చూస్తే పాస్‌పోర్టు దరఖాస్తు చాలా చిన్నది. పెద్దదంతా దానికి ముందు ఉంది.

ముందు ఉన్నది బర్త్ సర్టిఫికెట్. ఇంతకుముందు టీసీ, పదో తరగతి మెమో, పాన్ కార్డు ఇలా ఏదో ఒకటి పుట్టిన తేదీకి సాక్ష్యంగా నడిచేది. ఇప్పుడు లెక్క మారింది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాన్ని 2023లో సవరించారు, ఆ సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడిలో చేరడం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్ళి రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఉద్యోగం, ఆధార్, అన్నిటికీ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకి బర్త్ సర్టిఫికెట్టే రుజువు. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలు కూడా అలాగే మార్చారు. మనలాంటి పాతవాళ్ళకి మెమో నడుస్తుంది. 2023 అక్టోబర్ తర్వాత పుట్టిన మన చెల్లెళ్ళకి, మేనల్లుళ్ళకి అది తప్ప ఇంకోటి నడవదు.

పాప ఆసుపత్రిలోనే పుట్టింది కాబట్టి నమోదు బాధ్యత వాళ్ళదే, గడువులోనే నమోదు అయింది. పేరు పెట్టకుండానే నమోదు చేయించాం. దీని గురించి చాలామందికి తెలియదు. పిల్లకి పేరు ఖాయం కాలేదని నమోదు ఆపాల్సిన పనిలేదు. పేరు లేకుండా నమోదు చేసి, ఏడాదిలోపు పేరు చేర్పిస్తే ఫీజు ఉండదు. ఏడాది దాటితే ఫీజు కట్టి పదిహేనేళ్ళ వరకు చేర్చుకోవచ్చు. మా ఇంట్లో పెద్దలు కూర్చుని, పోయినవాళ్ళలో ఎవరి పేరు పిల్లకి పెట్టాలో మాట్లాడుకుని గానీ పేరు పెట్టరు. ఆ మాటలకి టైం పడుతుంది. చట్టం ఆ టైం ఇస్తోంది.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. తేదీ సరిగ్గా ఉంది, తండ్రి పేరు సరిగ్గా ఉంది. తల్లి పేరు దగ్గర ఆగిపోయాం.

అక్క పుట్టింటి ఇంటిపేరు సోడె. పదో తరగతి మెమోలో ఇంగ్లీషులో ఎస్, ఓ, డి, ఇ అని ఉంది. బర్త్ సర్టిఫికెట్లో చివరి అక్షరం ఐ. అంటే సోడి. ఆసుపత్రివాళ్ళు ఆధార్ చూసి రాశారు, ఆధార్లోనే సోడి అని ఉంది. అక్క చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాల వరండాలో ఆధార్ క్యాంపు పెట్టారట. వేరే ఊరినుంచి వచ్చిన అబ్బాయి మిషన్ దగ్గర కూర్చుని అడిగాడు, పిల్లలు లైన్లో నిలబడి చెప్పారు, అతనికి వినబడింది అతను కొట్టాడు. స్క్రీన్ మీద ఏముందో చూసి సరే అనాల్సింది పెద్దవాళ్ళు. ఆ రోజు అక్క పక్కన ఉన్నది వాళ్ళమ్మ, ఆమెకి చదువు రాదు. వేలిముద్ర వేయమంటే వేయించింది.

అదొక్కటే కాదు. ఈ పని మొదలుపెట్టాక ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ట్రంకుపెట్టెలోంచి తీసి మంచం మీద పరిచాం. ఒకే ఇంట్లో అన్నకి ఒక ఇంటిపేరు, తమ్ముడికి ఇంకో ఇంటిపేరు. రేషన్ కార్డులో ఒకలా, జాబ్ కార్డులో ఒకలా. అక్క వాళ్ళమ్మ పుట్టినరోజు 01-01-1978. అమ్మమ్మని అడిగితే, "పెద్ద వరదప్పుడు అది నా చంకలో పిల్ల, ఇంకా పాలు మానలేదు" అంది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరిన పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. అంటే అమ్మమ్మ లెక్క ప్రకారం ఆమె 1984 ప్రాంతంలో పుట్టింది. కాగితం ప్రకారం వరదనాటికి ఎనిమిదేళ్ళు. మా గూడెంలో పెద్దవాళ్ళలో చాలామందికి జనవరి ఒకటే పుట్టినరోజు. మీ దగ్గర కూడా అంతే అయ్యుంటుంది. మనవాళ్ళకి తేదీలు తెలియక కాదు. వరద, కరువు, ఏ పండుగ ముందు, ఏ పంట కోతల్లో, ఇలా గుర్తుంటాయి. రాసేవాడు ఆ మాట తేదీగా మార్చే ఓపిక చేయలేదు, అంతే.

సరే, సోడి, సోడె తేడాకి ఏం చేయాలి? దగ్గర్లో ఒక ఏజెంటు ఉన్నాడు, పేరు ఎందుకులెండి. ఇద్దరి పాస్‌పోర్టులకీ కలిపి ఆరువేలు అడిగాడు. ఫీజు ఎంతో మేం వెబ్‌సైట్లో చూశాం. పెద్దవాళ్ళకి మామూలు పాస్‌పోర్టుకి 1500. పిల్లలకి 1000, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకి అందులో పది శాతం తగ్గింపు, అంటే 900. మొత్తం 2400. మిగతాది అతనిది. అతను చెప్పిన ఉపాయం ఇంకోటి, "ఆధార్, బర్త్ సర్టిఫికెట్ రెండింట్లో సోడి ఉంది కదా, మెమోనే మార్పించుకోండి, ఇకనుంచి సోడి అనే రాసుకోండి, ఒక్క అక్షరానికి ఏమవుద్ది" అని.

విన్నప్పుడు మాకూ సులువే అనిపించింది. సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్తే మనవాళ్ళనే సోడి అని రాస్తారు, అదేం తప్పు పేరు కాదు. కానీ అక్క ఒప్పుకోలేదు. "పదేళ్ళు బడికెళ్తే నాకు మిగిలింది ఆ మెమో ఒక్కటే. అందులో నా పేరు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని మార్చి, తప్పు ఉన్నదాన్ని ఉంచాలా?" అంది. అమ్మమ్మని అడిగాం. మన దగ్గర మనువు మాట్లాడాలంటే ముందు అడిగేది ఇంటిపేరు, గట్టు. ఇంటిపేరు మారితే పెద్దావిడ గొడవ చేస్తుందనుకున్నాం. ఆమె నవ్వింది. "అక్షరం మారితే గట్టు మారదే. మనకి తెలుసు మనమెవరమో. ఆ మిషనుకి గట్టు తెలియదు కదా, దానికి సరిగ్గా చెప్పండి" అంది. మేం చాలా పెద్ద చదువులనుకున్నవి చదువుతున్నాం కానీ ఈ సంగతి ఇంత తేలిగ్గా మాకు తట్టలేదు.

అందుకని పొడుగు దారే పట్టాం. వరస ఇది, రాసుకోండి. మొదట పదో తరగతి మెమో పెట్టి ఆధార్లో పేరు సరిచేయించాం. గుర్తుపెట్టుకోండి, ఆధార్లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ఆపరేటర్ కొడుతున్నంతసేపూ మాలో ఒకరం స్క్రీన్ వైపు నిలబడి ఒక్కో అక్షరం పైకి చదివాం. అతను కొంచెం చిరాకు పడ్డాడు, పడనీ అనుకున్నాం. ఆధార్ సరైపోయాక, దాన్ని, మెమోని జతచేసి బర్త్ రికార్డులో తల్లి పేరు సరిచేయమని అర్జీ పెట్టాం. రికార్డులో తప్పు పడితే సరిచేసే అధికారం 1969 చట్టంలోని 15వ సెక్షన్ రిజిస్ట్రార్‌కి ఇచ్చింది. అక్కడ మమ్మల్ని నాలుగుసార్లు తిప్పారు. మొదటిసారి సార్ లేరు, రెండోసారి సర్వర్ లేదు, మూడోసారి "ఒక్క అక్షరమే కదమ్మా, ఎవరు చూస్తారు" అన్నారు. నాలుగోసారి సెక్షన్ నంబరు అర్జీ మీదే రాసి, అర్జీ తీసుకున్నట్టు సంతకం పెట్టిన కాపీ ఇవ్వమని అడిగాం. పని అయింది. అప్పటికి పాప పేరు కూడా ఖాయమైంది, పోయిన ముత్తవ్వ పేరు. ఆ పేరూ అప్పుడే చేర్పించాం. తల్లి పేరు, తండ్రి పేరు, పిల్ల పేరు, మూడూ సరిగ్గా ఉన్న సర్టిఫికెట్ జనవరి మధ్యలో చేతికొచ్చింది.

ఇంకొకటి మిగిలింది. పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకున్నట్టు అనుబంధం డి అనే డిక్లరేషన్ ఇవ్వాలి. బావ ఇక్కడ లేడు. ఆయన మస్కట్‌లో మన ఎంబసీకి వెళ్ళి, తన ఒప్పుకోలు పత్రాన్ని అక్కడ ధ్రువీకరించి పంపాల్సొచ్చింది. ఒకరోజు జీతం కోత పడింది. కవరు మా హాస్టల్ అడ్రసుకే వచ్చింది. గూడెంలో ఇంటి నంబరు లేక ఉత్తరాలు ఎటెటో తిరుగుతాయని అలా పెట్టాం.

పాస్‌పోర్టు దరఖాస్తు ఫోన్లోనే నింపాం. ఖమ్మం పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 2017 నుంచి ఇలా పోస్టాఫీసుల్లో పెడుతూ వచ్చారు కాబట్టి హైదరాబాదు దాకా వెళ్ళే పని తప్పింది. అయినా గూడెం నుంచి ఖమ్మం అంటే ఆటో, భద్రాచలం నుంచి బస్సు, వంద కిలోమీటర్ల పైనే. పొద్దున అపాయింట్‌మెంట్‌కి చంటిపిల్లతో అందుకోలేం. వార్డెన్ మేడమ్‌ని అడిగితే ముందురోజు రాత్రి అక్కని, పాపని, తోడొచ్చిన అమ్మమ్మని మా గదిలో ఉండనిచ్చారు. ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ చదవలేదు.

నాలుగేళ్ళలోపు పిల్లల ఫోటో మనమే తీసుకెళ్ళాలి. నాలుగున్నర సెంటీమీటర్ల పొడుగు, మూడున్నర వెడల్పు, వెనకాల తెల్లగా ఉండాలి. ఒకమ్మాయి ఉతికిన తెల్ల దుప్పటి ఇచ్చింది. కిటికీ పక్కన మంచం మీద పరిచి పాపని పడుకోబెట్టాం. కళ్ళు తెరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే కళ్ళు మూస్తుంది. ఒకరు గిలక ఆడించడం, ఒకరు నీడ పడకుండా కర్టెన్ పట్టుకోవడం, ఒకరు ఫోన్. నలభై ఫోటోల దాకా తీస్తే ఒకటి కుదిరింది. అందులో పాప ఎవరినో నిలదీస్తున్నట్టు చూస్తుంటుంది. పాస్‌పోర్టులో ఉన్నది అదే.

మర్నాడు కేంద్రంలో పని గంటన్నర కూడా పట్టలేదు. ఒరిజినల్స్ చూశారు, జిరాక్సుల మీద సంతకాలు చూశారు. పాప ఏడ్చేసరికి లైన్లో ముందున్నవాళ్ళే జరిగి దారిచ్చారు. కౌంటర్లో ఆవిడ బర్త్ సర్టిఫికెట్లో తల్లి పేరు, అక్క ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం వేలితో పోల్చింది. "ఒక్క అక్షరమే కదా ఎవరు చూస్తారు" అన్నాడు కదా ఆ సార్, ఇదిగో ఈవిడ చూసింది.

అక్క పాస్‌పోర్టుకి పోలీసు వెరిఫికేషన్ వచ్చింది. ఇది కూడా చెప్పాలి. మన ఏజెన్సీలో పోలీసు ఒక ఇంటి పేరు అడుగుతూ వచ్చాడంటే ఊరు ఏమనుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు బయట ఆడుకుంటున్నవాళ్ళు లోపలికి పరిగెత్తారు. మగవాళ్ళు ఇద్దరు చేనువైపు వెళ్ళిపోయారు. మేం ముందే ఇళ్ళకి వెళ్ళి చెప్పి ఉంటే బాగుండేదని అమ్మమ్మ అంది, కానీ ఏ రోజు వస్తారో మాకూ తెలియదు. వచ్చిన కానిస్టేబుల్ మర్యాదగానే కాగితాలు చూసి, పక్కింటివాళ్ళని ఇద్దర్ని అడిగి, సంతకాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మీ ఊళ్ళో ఎవరైనా దరఖాస్తు పెడితే, వెరిఫికేషన్ ఉంటుందని గూడెం మొత్తానికి ముందే చెప్పండి.

అక్కది ముందు వచ్చింది, పాపది ఫిబ్రవరి చివర్లో స్పీడ్ పోస్టులో. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది, తర్వాత కొత్తది తీసుకోవాలి. ఇంకో సంగతి. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ అవసరం అనే మాట పడుతుంది, గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళు ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. అక్క పది పాసైంది కాబట్టి ఆ మాట పడలేదు. ఇంటర్ మధ్యలో ఆపిందని ఇన్నాళ్ళూ అందరం అక్కని అన్నవాళ్ళమే. ఆ పదో తరగతి మెమోయే ఆమె పేరుని కాపాడింది, ఈ చెక్కునీ తప్పించింది. బడి మానేద్దామా అని ఊగుతున్న చెల్లెళ్ళెవరైనా ఉంటే, కనీసం పది మాత్రం వదలొద్దని చెప్పండి.

ఇక మీ అందర్నీ అడిగేది ఇది.

మన అమ్మానాన్నల పేర్లు వేరేవాళ్ళు విని వేరేవాళ్ళు రాశారు. మన పేర్లు కూడా చాలావరకు అంతే. స్కాలర్‌షిప్ ఆగినప్పుడల్లా, మెమోకీ ఆధార్‌కీ కుదరక మీసేవ చుట్టూ తిరిగినప్పుడల్లా మనకి తెలుస్తూనే ఉంది. ఈ పిల్లల విషయంలో తేడా ఒక్కటే, ఇప్పుడు ఇంట్లో చదవగలిగినవాళ్ళం మనం ఉన్నాం. సెలవులకి ఊరెళ్ళినప్పుడు 2023 అక్టోబర్ తర్వాత పుట్టిన పిల్లలు ఎవరింట్లో ఉన్నారో ఒక నోటుబుక్కులో రాయండి. సర్టిఫికెట్ ఉందా, ఉంటే పేర్లు సరిగ్గా ఉన్నాయా చూడండి. లేకపోతే గడువులు ఇవి. ఇరవై ఒక్క రోజుల్లోపు ఉచితం. ముప్పై రోజుల్లోపు ఆలస్య రుసుము. ఏడాదిలోపు పైఅధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, కలెక్టర్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఆర్డర్ ఇవ్వాలి. ఇంట్లో పురుడు పోసుకుంటే చెప్పాల్సిన బాధ్యత ఇంటి పెద్దది, ఆసుపత్రికి కాదు. చాలా గూడేల్లో ఆగిపోయేది ఇక్కడే. ఆశా అక్కని, ఏఎన్ఎం మేడమ్‌ని కలవండి, పురుళ్ళ లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది. అడవి లోపల, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఉంటున్న గుత్తి కోయ గూడేలకి కూడా వెళ్ళండి. వాళ్ళ పిల్లలు ఇక్కడే పుడుతున్నారు. పెద్దవాళ్ళ హోదా గొడవ ఎప్పటికి తేలుతుందో గానీ, పిల్ల ఇక్కడ పుట్టిందన్న కాగితం ఆ పిల్లకి రావాలి.

అందరూ విదేశాలు వెళ్ళరు. పాస్‌పోర్టు అందరికీ అవసరం లేదు. బడి అందరికీ అవసరం, దానికీ అదే కాగితం.

అక్క వీసా కాగితాలు నడుస్తున్నాయి. ఎండాకాలం లోపు వెళ్తారేమో. అమ్మమ్మకి పిల్ల దూరం వెళ్తుందని దిగులు ఉంది, పైకి చెప్పట్లేదు. మొన్న మమ్మల్ని పిలిచి, "దాని బుక్కులో ఊరి పేరు రాశారా?" అని అడిగింది. పుట్టిన చోటు అని ఉంది అమ్మమ్మా, భద్రాచలం అని రాశారు, అన్నాం. "మరి మన గూడెం?" అంది. చివరి పేజీలో అడ్రసు ఉంది, అందులో గూడెం పేరు ఉంది. చదివి వినిపించాం. స్పెల్లింగ్ కూడా సరిగ్గానే ఉంది.

ఎవరికైనా అర్జీ రాయడం రాకపోతే కామెంట్లో చెప్పండి, మేం రాసినదాని కాపీ పంపుతాం.

జై ఆదివాసీ.